పరీక్ష జరగని ఏడాదికి మార్కులు ఎక్కడి నుంచి రావాలి?

సంపాదకులు గారికి నమస్కారాలు.

చివరి తరగతి పరీక్షల ఫలితాలు వెలువడిన ప్రతి ఏటా గత పదేళ్ల ఉత్తీర్ణత శాతాలను పట్టికగా ముద్రించడం, ఈసారి శాతం పెరిగిందనో తగ్గిందనో శీర్షిక పెట్టడం పత్రికలకు ఆనవాయితీ అయింది. ఆ పట్టికల్లో 2020, 2021 సంవత్సరాలు కూడా మిగతా సంవత్సరాల వరుసలోనే, ఎలాంటి వివరణా లేకుండా కనిపిస్తాయి. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఉత్తీర్ణత 2019లో 83.40 శాతం, 2020లో 88.78, 2021లో 99.37, 2022లో 92.71, 2023లో 87.33. ఫ్రాన్స్‌లో పాఠశాల చదువు ముగింపున రాసే బాకలోరియా పరీక్ష ఉత్తీర్ణత 2019లో 88.1 శాతం ఉండగా 2020లో 95.7కు చేరింది. బ్రిటన్‌లో మన పన్నెండో తరగతిలాంటి ఎ-లెవెల్ విద్యార్థులు సాధించిన గ్రేడుల్లో అత్యున్నతమైన రెండు గ్రేడుల వాటా 2019లో 25.4 శాతం, 2021లో 44.8 శాతం, 2023లో మళ్లీ 27.2 శాతం. ఈ అంకెలను మాత్రమే చూసినవారికి, రెండేళ్లపాటు పిల్లలందరూ ఉన్నట్టుండి తెలివిమీరి, ఆ తర్వాత మళ్లీ మామూలైపోయారన్న భావన కలగక మానదు. నిజానికి ఆ రెండేళ్లలో కొలిచిన విషయమే వేరు. ఆ అంకెల పక్కన ఒక గుర్తు పెట్టి, ఆ ఏడాది పరీక్ష పూర్తిగా జరగలేదని అడుగున ఒక్క వాక్యం వేస్తే పాఠకుడికి సగం విషయం అర్థమవుతుంది. మిగతా సగం కోసమే ఈ లేఖ. కరోనా మహమ్మారి కాలంలో చివరి తరగతి విద్యార్థుల మార్కులను ఎవరు, ఏ ఆధారంతో, ఎప్పుడు రాసుకున్న నిబంధనతో నిర్ణయించారన్నది తగినంత చర్చ జరగకుండానే మరుగున పడిపోయింది. అది మళ్లీ అవసరపడే రోజు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థులకు తరగతి గదులు మూతపడ్డాయని యునెస్కో లెక్కగట్టింది. వారందరిలోనూ ఎక్కువగా ఇరుకున పడింది చివరి సంవత్సరంలో ఉన్నవారే. ఆరో తరగతి పిల్లవాడికి పరీక్ష జరగకపోతే పైతరగతికి పంపి, తప్పిన పాఠాలు తర్వాత చెప్పుకోవచ్చు. చివరి తరగతి విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. అతని మార్కులను చదివేది అతని ఉపాధ్యాయుడు కాదు, అతన్ని ఎన్నడూ చూడని ఏదో కళాశాల, ఏదో సంస్థ. ఆ అపరిచితులు నమ్మాలి కనుకనే అందరికీ ఒకే రోజున, ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి, వేరే పాఠశాలలో కూర్చోబెట్టి, తెలియని ఇన్విజిలేటర్ల ఎదుట రాయించి, తెలియని ఉపాధ్యాయులతో దిద్దించే ఏర్పాటు పుట్టింది. వేలమంది ఒకచోట చేరడం, జవాబుపత్రాలు పదిచేతులు మారడం, మూల్యాంకన కేంద్రాల్లో వందలమంది పక్కపక్కన కూర్చుని రోజంతా పనిచేయడం ఈ ఏర్పాటుకు ప్రాణం. మహమ్మారి ప్రమాదకరంగా మార్చినవి సరిగ్గా ఇవే. పరీక్షకు విశ్వసనీయత తెచ్చిపెట్టిన ప్రతి అంశమూ ఆ ఏడాది రోగం వ్యాపించడానికి దారి అయింది.

కొన్ని దేశాలు ఎలాగోలా పరీక్ష జరిపాయి. చైనాలో కోటికి పైగా విద్యార్థులు రాసే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌ను నెల రోజులు వెనక్కి జరిపి 2020 జూలై 7న మొదలుపెట్టారు. దక్షిణ కొరియా తన ప్రవేశ పరీక్షను నవంబరు 19 నుంచి డిసెంబరు 3కు మార్చి, వైరస్ సోకిన విద్యార్థుల చేత ఆసుపత్రుల్లోనే రాయించింది. హాంకాంగ్ దాదాపు నెల రోజులు వాయిదా వేసి ఏప్రిల్ 24న ప్రారంభించింది. కెన్యాలో 2020 విద్యాసంవత్సరాన్నే లెక్కలోంచి తీసేస్తున్నట్టు ప్రకటించి, ఆ తర్వాత చివరి తరగతుల వారిని ముందుగా బడికి రప్పించి, మరుసటి ఏడాది మార్చిలో పరీక్షలు పెట్టారు. వాయిదా అనేది కాగితం మీద తేలికగా కనిపించే పరిష్కారమే గానీ, ఎప్పుడు జరుగుతుందో తెలియని పరీక్ష కోసం నెలల తరబడి అవే పుస్తకాలను తిరగేస్తూ కూర్చోవడం పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఎంత నలుగుడో ఆ నెలల్లో ఇంట్లో అలాంటి పిల్లలున్న వారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా తేదీని ఒకసారి మార్చడం వేరు, మూడుసార్లు మార్చి ఆఖరికి రద్దు చేయడం వేరు. రెండోది అన్నిటికన్నా అన్యాయం.

రద్దు చేసిన చోట్ల ఏం జరిగిందన్నదే అసలు విషయం. ఇందులో ఇంగ్లాండు అనుభవాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ జరిగిన పొరపాటు దురుద్దేశంతోనో నిర్లక్ష్యంతోనో జరిగింది కాదు. న్యాయంగా ఉండాలన్న తాపత్రయంతోనే జరిగింది.

2020 మార్చి 18న అక్కడి ప్రభుత్వం వేసవి పరీక్షలు ఉండవని ప్రకటించింది. పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఉపాధ్యాయులను రెండు విషయాలు అడిగింది. పరీక్ష జరిగి ఉంటే ఒక్కో విద్యార్థికి ఏ గ్రేడు వచ్చి ఉండేదో అంచనా వేయాలి, ఆ పాఠశాలలో ఆ సబ్జెక్టు చదివిన వారందరినీ మొదటి నుంచి చివరి వరకు వరుస పెట్టాలి. అంతవరకు బాగానే ఉంది. ఉపాధ్యాయుల అంచనాలు సహజంగా కొంత ఉదారంగా ఉంటాయి. ఆ గ్రేడులను ఉన్నవున్నట్టు ఇచ్చేస్తే ముందు బ్యాచ్‌కు, తర్వాతి బ్యాచ్‌కు అన్యాయమవుతుందని సంస్థ భావించింది. అందుకని పెద్ద తరగతుల విషయంలో ఉపాధ్యాయుడి గ్రేడును పక్కన పెట్టి, ఆ పాఠశాలకు 2017 నుంచి 2019 వరకు ఆ సబ్జెక్టులో ఏయే గ్రేడులు ఎంత శాతం వచ్చాయో చూసి, ఈ బ్యాచ్ విద్యార్థుల పాత ఫలితాలను బట్టి ఆ శాతాలను కొద్దిగా సవరించి, ఉపాధ్యాయుడిచ్చిన వరుస ప్రకారం పై నుంచి కిందికి గ్రేడులు పంచుకుంటూ వచ్చే గణిత సూత్రాన్ని తయారుచేసింది. మూడేళ్లుగా ఎవరికీ అత్యున్నత గ్రేడు రాని బడిలో ఆ ఏడాది ఎంత ప్రతిభావంతురాలు చదివినా ఆమెకు ఆ గ్రేడు దక్కే దారి దాదాపు మూసుకుపోయినట్టే. మరోవైపు, ఒక సబ్జెక్టులో ఐదుగురు లేదా అంతకన్నా తక్కువ మంది ఉన్నచోట గత ఫలితాల శాతాలకు అర్థం ఉండదు కనుక ఉపాధ్యాయుడి గ్రేడునే ఖాయం చేశారు. అంత చిన్న తరగతులు ఎక్కువగా ఉండేవి ఖరీదైన ప్రైవేటు పాఠశాలల్లో. ఫలితంగా ఉదారమైన అంచనా కలిగినవారికి అది నిలిచింది, కిక్కిరిసిన ప్రభుత్వ కళాశాలల వారికి తెగ్గోసింది.

ఆగస్టు 13న ఫలితాలు వచ్చేసరికి ఉపాధ్యాయులిచ్చిన గ్రేడుల్లో దాదాపు 40 శాతం కిందికి దిగాయి. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నాలుగు రోజులకే, ఆగస్టు 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గి ఉపాధ్యాయుల గ్రేడులనే ఇస్తామంది. అప్పటికే చాలామందికి విశ్వవిద్యాలయాల సీట్లు చేజారి వేరొకరికి వెళ్లాయి. చివరికి వైద్య విద్య సీట్లపై ఉన్న పరిమితిని ఆ ఏడాదికి ఎత్తివేయాల్సి వచ్చింది. వారం ముందే స్కాట్లాండులో అచ్చం ఇదే జరిగింది. ఆగస్టు 4న వెలువడిన ఫలితాల్లో లక్షా 20 వేలకు పైగా గ్రేడులు తగ్గాయి; విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఆధారమైన హయ్యర్ స్థాయిలో అత్యంత పేద ప్రాంతాల విద్యార్థుల ఉత్తీర్ణత ఉపాధ్యాయుల అంచనా కన్నా 15.2 పాయింట్లు పడిపోగా, సంపన్న ప్రాంతాల వారిది 6.9 పాయింట్లే తగ్గింది. 11వ తేదీన అక్కడి ప్రభుత్వం ఆ తగ్గింపును రద్దు చేసింది. పక్కింట్లో ఇంత జరిగినా ఇంగ్లాండు రెండు రోజుల తర్వాత అదే పద్ధతిలో ఫలితాలు విడుదల చేయడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అప్పట్లో తప్పంతా కంప్యూటర్‌దేనన్నారు. గణితం చెప్పి బతికినవాడిగా నేను ఆ మాటతో ఏకీభవించలేను. సూత్రం తనను అడిగిన ప్రశ్నకు సరిగానే జవాబు చెప్పింది. ఈ బడికి మామూలుగా ఎన్ని మంచి గ్రేడులు వస్తాయన్నది ఆ ప్రశ్న. ఈ విద్యార్థి ఏం నేర్చుకున్నాడన్నది ఎవరూ అడగలేదు. మొదటి ప్రశ్నకు వచ్చే సమాధానం మొత్తం దేశానికి కలిపి చూస్తే సరిపోతుంది, శాతాలన్నీ గత సంవత్సరాలతో ముచ్చటగా కలుస్తాయి. కానీ సర్టిఫికెట్టు మీద దేశం పేరు ఉండదు, ఒక విద్యార్థి పేరు ఉంటుంది. తనకన్నా ముందు ఆ బెంచీల మీద కూర్చున్నవారి మార్కులతో ఆ విద్యార్థికి ఏ సంబంధమూ లేదు.

ఈ అనుభవం చూసి ఐర్లాండు జాగ్రత్త పడింది. పాఠశాల చివర్లో రాసే లీవింగ్ సర్టిఫికెట్ పరీక్ష బదులు లెక్కగట్టిన గ్రేడులు ఇస్తామని ముందే ప్రకటించి ఉన్న ఆ దేశం, ఇంగ్లాండులో గొడవ జరిగాక పాఠశాల గత చరిత్రను లెక్కలోంచి తీసివేసింది. సెప్టెంబరు 7న ఫలితాలు ఇచ్చింది. అయినా కొద్దివారాలకే గ్రేడులు లెక్కగట్టిన కంప్యూటర్ ప్రోగ్రాములో తప్పు బయటపడింది. విద్యార్థి అంతకుముందు రాసిన జూనియర్ పరీక్షలో ముఖ్య సబ్జెక్టులు కాక మిగతా వాటిలో ఉత్తమమైన రెండింటిని తీసుకోవాల్సిన చోట, అతి తక్కువ మార్కులు వచ్చిన రెండింటిని తీసుకున్నారు. 6 వేలకు పైగా విద్యార్థులకు గ్రేడులు సవరించి పెంచాల్సి వచ్చింది. ఆదరాబాదరాగా ఏప్రిల్, మే నెలల్లో రాసుకున్న నిబంధనను ఆగస్టుకల్లా లక్షల ఫలితాలుగా మార్చబోతే ఇలాంటివి జరగకుండా ఉండవు. అనేక దేశాల్లోని పాఠశాలలకు ఒకే పరీక్ష నిర్వహించే ఇంటర్నేషనల్ బాకలోరియట్ పరిస్థితీ అంతే. మే నెల పరీక్షలను రద్దు చేసి, కోర్సు పనికి, ఉపాధ్యాయుల అంచనాలకు, పాఠశాల గత రికార్డుకు కలిపి ఒక లెక్క వేసి జూలై 5న ఇచ్చిన గ్రేడులపై ఎన్నో దేశాల నుంచి ఒక్కసారే అభ్యంతరాలు వచ్చాయి.

మరి ఇబ్బంది పడనివారు లేరా? ఉన్నారు. వారిని చూస్తేనే ఈ సమస్య మూలం బోధపడుతుంది. నెదర్లాండ్స్‌లో చివరి మార్కుల్లో సగం పాఠశాల ఏడాది పొడవునా పెట్టే పరీక్షల నుంచి, సగం కేంద్ర పరీక్ష నుంచి వస్తుంది. 2020లో కేంద్ర పరీక్షను రద్దు చేసినప్పుడు మొదటి సగం అప్పటికే చాలావరకు చేతిలో ఉంది. దాని ఆధారంగానే ఉత్తీర్ణత నిర్ణయించారు. జర్మనీలో పాఠశాల ముగింపు అర్హత అయిన అబిటూర్ మొత్తం 900 పాయింట్లలో 600 చివరి రెండేళ్ల తరగతి పని నుంచే వస్తాయి, ఆఖరి పరీక్షలకు మిగిలేది 300 మాత్రమే. అందువల్ల పరీక్ష జరపాలా వద్దా అన్న వాదన అక్కడా వచ్చినా, అది ఎవరి బతుకునూ తలకిందులు చేసేంత పెద్దది కాలేదు. చివరికి తగిన జాగ్రత్తలతో పరీక్షలు జరిపారు కూడా. ఇటలీ రాతపరీక్షలను ఆపి ఒకే ఒక మౌఖిక పరీక్ష పెట్టింది. నూటికి 60 పాయింట్లను గత మూడేళ్ల చదువుకు, 40ని ఆ మౌఖిక పరీక్షకు కేటాయించింది. ఈ దేశాల్లో ఎవరూ కొత్తగా ఏ సూత్రాన్నీ కనిపెట్టలేదు. విద్యార్థి చేసిన పని రాతపూర్వకంగా అప్పటికే ఉంది, దానికి విలువ ఉంటుందని విద్యార్థికి ముందే తెలుసు.

నా వాదన మొత్తం ఈ చివరి మాట మీదే నిలబడుతుంది. మన దేశంలో 2021లో పన్నెండో తరగతి పరీక్షలను జూన్ 1న రద్దు చేశాక సీబీఎస్ఈ ప్రకటించిన 30:30:40 విధానాన్ని చూడండి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన మూడు సబ్జెక్టుల సగటుకు 30 శాతం, పదకొండో తరగతికి 30 శాతం, పన్నెండో తరగతిలో జరిగిన యూనిట్ టెస్టులు, ప్రీ-బోర్డు పరీక్షలకు 40 శాతం అన్నారు. అంతటితో ఆగకుండా, పాఠశాల గత మూడేళ్ల ఫలితాల్లో ఉత్తమమైన ఏడాదిని కొలమానంగా పెట్టి, మార్కులు దానికి లోబడి ఉండాలన్నారు. ఇంగ్లాండు చేసిన పనే ఇది, కొంచెం మెత్తగా. మొత్తం మీద అప్పటి పరిస్థితుల్లో అంతకన్నా మెరుగైనది దొరికేది కాదేమో, సుప్రీంకోర్టు కూడా దాన్ని ఆమోదించింది. కానీ పదకొండో తరగతి పరీక్ష రాసిన నాడు ఆ మార్కులు తన పన్నెండో తరగతి మెమోలో చేరతాయని ఏ విద్యార్థికీ తెలియదు. పదకొండులో కఠినంగా దిద్ది పిల్లల్ని భయపెట్టి చదివించే బడులు ఉన్నాయి, ఆ ఏడాదిని ప్రవేశ పరీక్షల శిక్షణకే వదిలేసి వార్షిక పరీక్షను మొక్కుబడిగా జరిపే బడులూ ఉన్నాయి. ఒక రకం ఉద్దేశంతో జరిగిన పరీక్షకు ఏడాదికి పైగా గడిచాక మరో రకం విలువ కట్టారు. అయిపోయిన పరీక్షకు నిబంధనలు మార్చడమంటే ఇదే. ఉత్తీర్ణత 99.37 శాతానికి చేరింది కనుక పెద్దగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అందరూ పాసైనంత మాత్రాన అన్యాయం జరగలేదని కాదు. పాసయ్యారా లేదా అన్నది కాక, ఎంతతో పాసయ్యారన్నదే సీటును నిర్ణయించే చోట ఆ తేడా ఎవరికి తగలాలో వారికి తగిలింది.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే కథ వేరు వేరు రూపాల్లో నడిచింది. 2020లో తెలంగాణ పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు జరిగాక ఆగిపోయాయి. జూన్‌లో వాటిని రద్దు చేసి, 20 మార్కుల ఇంటర్నల్స్‌ను నూటికి పెంచి గ్రేడులిచ్చారు. మరుసటి ఏడాది అదే పద్ధతిలో 5 లక్షల పైచిలుకు విద్యార్థుల్లో 2 లక్షల మందికి పైగా 10 గ్రేడ్ పాయింట్లు వచ్చాయి. ఇరవై మార్కులకు జరిగిన పరీక్షలో పందొమ్మిది, ఇరవై వేయడం అంత పెద్ద విషయం కాదని, దాన్ని ఐదింతలు చేస్తే ఏమవుతుందోనని ఎవరూ ఆలోచించినట్టు లేదు. తెలంగాణలోనే ఇంటర్మీడియట్ మొదటి ఏడాది విద్యార్థుల సంగతి మరీ విచిత్రం. 2021లో వారిని పరీక్ష లేకుండా రెండో ఏడాదికి పంపారు. అక్టోబరులో, వారు రెండో ఏడాది పాఠాల్లో ఉండగా, మొదటి ఏడాది పరీక్షలు పెట్టారు. డిసెంబరులో ఫలితాలు వస్తే సగంమంది కూడా పాసవ్వలేదు, 49 శాతం దగ్గర ఆగింది. ఆందోళనలు జరిగాక తప్పినవారందరికీ కనీస మార్కులు 35 వేసి గట్టెక్కించారు. ఒకే బ్యాచ్ మీద తొమ్మిది నెలల్లో మూడు పరస్పర విరుద్ధ నిర్ణయాలు. చదివి పాసైన విద్యార్థికి, చదవకపోయినా పాసైన విద్యార్థికి, పాఠం అందక తప్పిపోయిన విద్యార్థికి ఒకే మెమోలో తేడా తెలియకుండా పోయింది.

ఇందులో ఉపాధ్యాయుడిని తప్పుపట్టడం సులువు, న్యాయం కాదు. తరగతిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చెప్పడంలో ఉపాధ్యాయుడు అరుదుగా పొరబడతాడు. కానీ తన తరగతిలో మొదటివాడు పది ఊళ్ల అవతలి బడిలో ఏ స్థానంలో నిలుస్తాడో చెప్పమంటే అతని దగ్గర సమాధానం ఉండదు. ఉండవలసిన అవసరమూ అంతవరకు రాలేదు, ఆ పని ఉమ్మడి ప్రశ్నపత్రమే చేసేది. అకస్మాత్తుగా ఆ బరువు అతని మీద పెట్టి, పక్క బడి నూటికి నూరు వేస్తోందని తెలిసీ తన పిల్లలకు ఎనభై వేయమనడం, ఆ తర్వాత తల్లిదండ్రుల ముఖం చూడమనడం పెద్ద శిక్ష. అంకెలు పెరిగిపోవడానికి కారణం ఉపాధ్యాయుల్లో నిజాయితీ లేకపోవడం కన్నా, బయటి నుంచి ఒక్కరైనా వచ్చి సరిచూసే ఏర్పాటు లేకపోవడమేనని నా అభిప్రాయం.

సిలబస్ కుదింపు గురించి ఒక మాట. 2020 జూలైలో సీబీఎస్ఈ 30 శాతం పాఠాలను ఆ ఏడాదికి పరీక్ష పరిధి నుంచి తీసివేసింది, మిగతా బోర్డులూ ఆ బాటే పట్టాయి. పిల్లలకు ఊరట కలిగిన మాట నిజం. అయితే తీసేసిన అధ్యాయం పరీక్షలో రాదు గానీ, పై చదువులో తప్పకుండా ఎదురవుతుంది. దాన్ని ఏ కళాశాల, ఏ సెమిస్టరులో తిరిగి చెప్పిందో నాకు కనిపించలేదు. అలాగే పాఠం ఫోన్‌లో వినడానికి కూడా దారి లేని పిల్లలకు, ఇంట్లో ప్రత్యేక గది ఉన్న పిల్లలకు మధ్య పెరిగిన దూరాన్ని రద్దయిన పరీక్ష కప్పిపుచ్చిందే తప్ప తగ్గించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం ఉండగా, రెండేళ్ల విరామం తర్వాత 2022లో పరీక్ష మళ్లీ జరిగినప్పుడు 67.26 శాతానికి పడిపోయింది. ఆ అంకె చూసి కొందరు ఆ బ్యాచ్ పిల్లలను నిందించారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు సరిగా జరగని పిల్లలు పదో తరగతిలో తడబడితే అందులో వింతేముంది?

ఇక చేయవలసిందేమిటన్నది. మామూలు రోజుల్లో ఉమ్మడి పరీక్ష ఉండాల్సిందే, దానికి మించిన సమానత్వపు సాధనం ఇప్పటికి మన దగ్గర లేదు. కానీ విద్యార్థి భవిష్యత్తు మొత్తం ఆ కొద్ది రోజుల మీదే ఆధారపడకూడదు. చివరి రెండేళ్లలో ప్రతి సబ్జెక్టులో రెండు లేదా మూడు పనులు, పర్యవేక్షణలో తరగతి గదిలోనే రాసినవి, ప్రశ్నలు బోర్డు నుంచి వచ్చినవి, పాఠశాలలో దిద్దినవి, వాటిలోంచి లాటరీ పద్ధతిలో తీసిన కొన్నింటిని బయటి ఉపాధ్యాయులు తిరిగి దిద్దినవి భద్రంగా ఉండాలి. తిరిగి దిద్దినప్పుడు ఏ బడి మార్కులు వాస్తవానికి దూరంగా ఉన్నాయో తేలిపోతుంది, ఆ బడి మార్కులను సవరించవచ్చు. ఇక్కడ సవరణకు ఆధారం ఆ ఏడాది ఆ పిల్లలు రాసిన కాగితమే, ఆ బడి గత చరిత్ర కాదు. ఇలా చేస్తే పిల్లలకు నిత్యం పరీక్షలే అవుతాయని, ఇంటర్నల్ మార్కుల పేరుతో అందరికీ పూర్తి మార్కులు వేసేస్తారని కొందరంటారు. రెండూ నిజమైన భయాలే. అందుకే పనుల సంఖ్య తక్కువగా ఉండాలంటున్నాను, అందుకే బయటివారి పరిశీలన తప్పనిసరి అంటున్నాను. వాటికి తుది మార్కుల్లో మూడోవంతుకు మించి వెయిటేజీ అక్కరలేదు. నెదర్లాండ్స్‌లా సగం ఇవ్వడం మన దగ్గర ఇప్పుడే తొందరపాటు అవుతుంది, పరిశీలకుల వ్యవస్థ గట్టిపడ్డాక ఆలోచించవచ్చు.

అంతకన్నా ముఖ్యం, పరీక్ష జరగని పక్షంలో ఏం చేస్తారన్నది విద్యాసంవత్సరం మొదటి రోజునే, సిలబస్‌తో పాటే, ప్రతి విద్యార్థి చేతిలో ఉండాలి. ఏ తేదీ దాటితే వాయిదా ఉండదు, రద్దవుతుంది. రద్దయితే ఏ పనికి ఎంత విలువ. ఫలితం నచ్చనివారు తర్వాత పరీక్ష రాయవచ్చా. రాస్తే రెండింటిలో ఏది ఎక్కువైతే అది నిలుస్తుందా? ఐర్లాండు 2021లో విద్యార్థులకు లెక్కగట్టిన గ్రేడు, పరీక్ష రెండూ ఇచ్చి, సబ్జెక్టు సబ్జెక్టుకు మెరుగైనదాన్ని ఖాయం చేసింది. అలాంటి నిబంధన పిల్లలకు ఇచ్చే ధైర్యం ఏ ప్రోత్సాహక ప్రసంగమూ ఇవ్వలేదు. ఫలితంపై అప్పీలు చేసుకునే హక్కు కూడా వ్యక్తికి ఉండాలి. 2020లో ఇంగ్లాండు విద్యార్థులు తమ ర్యాంకు మీద గానీ ఉపాధ్యాయుడి అంచనా మీద గానీ నేరుగా అప్పీలు చేసుకునే వీలు లేకపోవడమే కోపాన్ని మరింత రాజేసింది. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు అలవాటుపడిన మన విద్యార్థులకు ఈ మాట వివరించనక్కరలేదు. జవాబుపత్రమే లేని చోట దేన్ని తిరిగి లెక్కించాలన్నదే అసలు చిక్కు, భద్రపరచిన పనులు ఉంటే ఆ చిక్కూ ఉండదు.

ఉద్యోగాలిచ్చేవారికీ ఒక విన్నపం. 2020, 2021 సంవత్సరాల మెమోలు చూసి కరోనా బ్యాచ్ అంటూ పెదవి విరిచే అలవాటు కొన్ని చోట్ల ఇంకా పోలేదు. ఆ మార్కుల్లో ఉబ్బు ఉంటే ఉండవచ్చు, ఆ ఉబ్బును ఆ పిల్లలు కోరుకోలేదు. అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టుకుని తేల్చుకోవచ్చు, అంతేగానీ సంవత్సరం చూసి దరఖాస్తు పక్కన పెట్టేయడం తగదు.

చివరగా, ఈ చర్చలో ఎవరికీ గుర్తురాని వర్గం ఒకటుంది. ఏ బడిలోనూ చేరకుండా ఇంట్లో చదువుకుని పరీక్ష ఫీజు కట్టి రాసే ప్రైవేటు అభ్యర్థులు, ఒక సబ్జెక్టు తప్పి పని చేసుకుంటూ సప్లిమెంటరీ కోసం ఎదురుచూసే యువకులు, పెళ్లయ్యాక చదువు కొనసాగిస్తున్న అమ్మాయిలు. వారికి అంచనా వేసే ఉపాధ్యాయుడు లేడు, యూనిట్ టెస్టు లేదు, ఇంటర్నల్ మార్కులు లేవు. 2020లో ఇంగ్లాండులో ఇలాంటివారిలో చాలామందికి ఆ వేసవిలో అసలు గ్రేడే రాలేదు, శరదృతువులో పెట్టిన పరీక్ష దాకా ఆగాల్సి వచ్చింది. 2021లో రెగ్యులర్ విద్యార్థులకు జూలై ఆఖరుకు ఫలితాలు ఇచ్చేసిన సీబీఎస్ఈ, ప్రైవేటు అభ్యర్థులకు ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 15 వరకు పరీక్షలు పెట్టింది. అప్పటికే అనేక కళాశాలల్లో ప్రవేశాల ప్రక్రియ మొదలైపోయింది. పరీక్ష రద్దయితే ఏం చేయాలన్న నిబంధనను బోర్డులు ఎప్పుడు రాసినా, దాన్ని రెగ్యులర్ విద్యార్థులతో మొదలుపెట్టి చివరన ఒక షరతుగా ప్రైవేటు అభ్యర్థులను చేర్చే పద్ధతి మానాలి. ముందుగా వారికి సరిపోయే నిబంధన రాసి, వారి ఫలితాలు వచ్చేదాకా కళాశాలలు సీట్లు కొన్ని పక్కన ఉంచేలా ఉత్తర్వులిచ్చి, ఆ తర్వాతే మిగతావారి దగ్గరికి రావాలని నా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు